బీరు లేని పబ్ చరిత్ర

"బీరు అన్న మాట ఏడేడున్నదో చూసి అన్ని తీసెయ్ వే," అన్నాడు శ్రీపతి, నేను ఆయన టిఫిన్ డబ్బాలో పప్పు పోస్తుంటే. "కఫీల్ కంట్ల వడితే నా కొలువు ఖలాస్."

పబ్ చరిత్రలోంచి బీరు తీసెయ్యాలట. ఇడ్లీ బండి గురించి ఇడ్లీ పేరెత్తకుండా రాయమన్నట్టు. సరే అన్నాను. సరే అంటూ మూత పెట్టడం మూడేళ్ళలో బాగా అలవాటైంది, డబ్బాకీ నోటికీ.

శ్రీపతి ఇక్కడ కువైట్‌లో, సబ్హాన్ అనే చోట ఒక గోడౌన్ కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తాడు. వాళ్ళ యజమాని, అంటే మా ఆయన వీసాకు పూచీ పడ్డ కఫీల్, ఇంగ్లండులో ఏదో చిన్న సంత ఊళ్ళో పాత పబ్ ఒకటి కొన్నాడు. అది మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు బాగుచేసి, వేసవి సెలవులకు వెళ్ళే కువైటీ కుటుంబాలకు అద్దెకిస్తారు. దానికి వెబ్‌సైట్ చెయ్యమని శ్రీపతికి చెప్పారు. శ్రీపతి బీకామ్. నేను కంప్యూటర్స్‌లో బీటెక్. కాబట్టి వెబ్‌సైట్ శ్రీపతి చేశాడు. ఆఫీసులో అందరూ మెచ్చుకునే స్టాకు రిపోర్టులు కూడా శ్రీపతివే. అవన్నీ ఈ వంటింటి బల్ల మీద, నేను కూరగాయలు తరిగే చోట తయారవుతాయి.

"నా కొడుకు గా ఎండల సస్తుండు, నువ్వు ఏసీల కూసోని ఫోను నొక్కుతున్నవా బిడ్డా?" అంటుంది మా అత్త కొమురక్క వీడియో కాల్‌లో. ఆమె కొడుకు కూడా ఏసీలోనే కూర్చుంటాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెబితే నోరెక్కువైందంటారు.

పబ్ పేరు త్రీ హార్స్‌షూస్. ఆ ఊళ్ళో చరిత్ర పిచ్చి ఉన్న ముసలివాళ్ళ సంఘం ఒకటుంది. పాత కాయితాలు స్కాన్ చేసి పంపారు. లైసెన్సుల జాబితాలో అందరూ మగవాళ్ళే. ఇరవై ఏడేళ్ళు థామస్ పికెట్, ఆయన పోయాక తమ్ముడు జోసెఫ్ పికెట్. బాగానే ఉంది, కాపీ, పేస్ట్ అనుకున్నాను. అప్పుడు 1870 నాటి పేపరు ముక్క ఒకటి కనిపించింది. సంత రోజు పబ్‌లో కొట్లాట జరిగింది, కేసు కోర్టుకెళ్ళింది. సాక్షి థామస్ భార్య ఎస్తర్. ఆమె చెప్పింది చెప్పినట్టు అచ్చేశారు.

"ఆ రోజూ నేను బీరు కాస్తున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ నేనే కాస్తాను, నేనే పోస్తాను. మా ఆయన సంతలో ఎడ్ల బేరానికి పోయాడు. కొట్టుకునేవాళ్ళకు అడ్డం పోయింది కూడా నేనే."

మరుసటి ఏడు థామస్ చచ్చిపోయాడు. లైసెన్సు నా పేరున మార్చండి అని ఎస్తర్ అడిగింది. కోర్టు రిజిస్టరులో జడ్జి రాసిన ఒక్క వరుస ఉంది. పికెట్ భార్యకు ఈ వ్యాపారంలో అనుభవం లేదు, కుదరదు. లైసెన్సు జోసెఫ్‌కిచ్చారు. అతను అప్పటిదాకా మేకులు అమ్ముకునేవాడు.

నూట యాభై ఏళ్ళ కిందటి ఆ జడ్జి మీద నాకు కోపమొచ్చింది. లేచి గిన్నెలు తోమాను, తగ్గలేదు. ఆ కోపంలో జడ్జి వాటా సగమే మరి. పోయిన నెలే శ్రీపతిని అడిగాను, నన్ను కూడా ఎక్కడన్నా పనిలో పెట్టరాదా, ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, పని చేసేవాళ్ళ రకానికి మార్పించుకుంటే అయిపోతుంది కదా అని. నవ్వాడు. "ఏం సూపిస్తవే వాళ్లకు? ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఉన్నదా నీకు?" ఈ దేశంలో శ్రీపతికి కఫీల్ ఉన్నాడు. నాకు శ్రీపతే కఫీల్. ఆయన సంతకం లేకపోతే నేను పని చేయలేను, ఉండను కూడా ఉండలేను.

అయినా చెప్పినట్టే చేశాను. బీరు తీసేశాను, కాయడం తీసేశాను, పోయడం, కొట్లాట తీసేశాను. సంతకొచ్చిన రైతులు దిగే బస అని రాశాను. మా జగిత్యాల దిక్కు ఏ కథలోనైనా మందు తీసేస్తే మగవాళ్ళు మాయమవుతారు. ఇక్కడ ఎస్తర్ మాయమైంది. మగవాళ్ళు పేర్లతో సహా మిగిలారు.

కఫీల్ కూతురు హెస్సాకు ఆ పేజీ నచ్చిందట. వాళ్ళకు ఇంకో నాలుగు పాత బిల్డింగులున్నాయి. ఆ పనికి మనిషిని తీసుకుంటామని, రాసినతనితో ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మాట్లాడతానని కబురు పెట్టింది. శ్రీపతి ప్లాన్ వేశాడు.

"నువ్వు ఇంట్లకెల్లి నా ల్యాప్‌టాప్ పేరు మీద కాల్‌ల చేరు. కెమెరా బంద్, మైకు బంద్. ఆమె ఏమడిగితే దానికి జవాబు వాట్సాప్‌ల కొట్టు. నేను సూస్కుంట చెప్త."

"కొలువు?"

"నాకొస్తే ఇంటికొచ్చినట్టే గదనే."

"మరి పని?"

"పని నువ్వే జేద్దువు తియ్."

ఆదివారం, ఇక్కడ అది పని రోజే, పది గంటలకు అన్నం కుక్కర్లో పెట్టి, "శ్రీపతి ల్యాప్‌టాప్" అనే నల్లటి డబ్బాలో కూర్చున్నాను. హెస్సా ఇంగ్లిషులో అడుగుతోంది, నేను కొడుతున్నాను, సబ్హాన్ నుంచి శ్రీపతి చదువుతున్నాడు. బాగా చదివాడు. మధ్యలో "రాత్రులు కూర్చుని నేనే రీసెర్చ్ చేశాను" అని సొంతంగా కూడా కలిపాడు.

హెస్సా కళ్ళద్దాలు తీసింది. "ఇందులో అందరూ మగవాళ్ళే ఉన్నారు. బీరు మాట మా నాన్న వద్దన్నారు, అది తెలుసు. కానీ ఈ పేర్లున్న మగవాళ్ళు బయటికి పోయినప్పుడు ఆ చోటు ఎవరు నడిపారు? ఒక్క ఆడమనిషి కూడా లేదా?"

"గుడ్ క్వశ్చన్ మేడమ్," అని శ్రీపతి ఫోను వైపు చూశాడు.

నా ఫోన్లో శ్రీపతి మెసేజీలు పడుతున్నాయి. "జల్ది." "ఏమాయె?" "ఎవలో ఒకలి పేరు కొట్టు."

ఎవలో ఒకలి పేరు.

చూసి చూసి శ్రీపతి గొంతు సవరించుకున్నాడు. "నో లేడీస్ మేడమ్. లేడీస్ అందరూ ఇంట్లో ఖాళీగా ఉండేవాళ్ళు."

కుక్కర్ కూత పెట్టింది. లేచి పొయ్యి ఆపేశాను. వచ్చి, పేరు మార్చే చోట నొక్కి "శ్రీపతి ల్యాప్‌టాప్" చెరిపేశాను. నా డిగ్రీ మీదున్న పేరు, గుగ్గిళ్ళ భాగ్యలత, ఒక్కో అక్షరం కొట్టాను. రేపు ఆయన నా ఇఖామా కాయితాల మీద సంతకం పెట్టకపోవచ్చు. తెలుసు. కెమెరా తెరిచాను. వెనక తాడు మీద ఆయన చొక్కాలు ఆరేసి ఉన్నాయి, కనబడనీ. తెర మీద శ్రీపతి నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు.

మైకు తెరిచాను.

"ఆ పేజీ రాసింది నేను మేడమ్. మీ ప్రశ్న మళ్ళీ అడగండి. ఈసారి నన్ను."