గోడకు తిరిగిన కుర్చీలు

ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే పిల్ల గుమ్మంలో కూర్చుని బూట్ల లేసు కట్టుకుంటోంది. ముడి పడగానే విప్పేస్తోంది, మళ్లీ మొదలుపెడుతోంది. పక్కనే నిలబడ్డ తండ్రి అది చూసి మురిసిపోయాడు. "చూశావా, బ్యాడ్మింటన్ కోర్టులోకి దూకాలని ఎంత తహతహలాడుతోందో!" అన్నాడు భార్యతో. పదకొండేళ్ల పిల్ల పొద్దున్నే వాంతి చేసుకుని, "నాన్నకి చెప్పకమ్మా" అని ఒట్టు వేయించుకున్న సంగతి ఆవిడ కడుపులోనే దాచుకుంది.

పిల్ల బెదిరిపోతుంటే అది హుషారనుకునే ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు!

తండ్రి ట్రాఫిక్ కానిస్టేబుల్. నడిరోడ్డున నిలబడి చెయ్యెత్తితే లారీలైనా ఆగి తీరాల్సిందే. బ్యాడ్మింటన్ రాకెట్ ఆయన ఏనాడూ పట్టలేదు గానీ, కూతురి మ్యాచ్‌లు చూసి చూసి ఆరితేరిపోయానని ఆయన ధీమా. అందుకే గ్యాలరీలోనూ డ్యూటీ మానేవాడు కాదు. ఆయన తన చెవి పట్టుకుంటే పిట్ట షటిల్‌ను అవతలి పిల్ల వెనక్కి లేపాలి. గుండె మీద చెయ్యి వేస్తే నెట్ దగ్గర వదలాలి. చేతులు కట్టుకున్నాడంటే మాత్రం కోపం వచ్చినట్టే. ఆ రోజు ఇంట్లో గిన్నె చప్పుడు కావడానికి కూడా భయమే. ఈ సైగలతోనే పిట్ట చుట్టుపక్కల పోటీలన్నీ గెలిచింది. కప్పులు అలమరలో పట్టక మంచం కిందికి చేరాయి.

ఆ రోజు పెద్ద అకాడమీలో ఎంపిక. మిగిలింది ఒకే ఒక్క సీటు. "ఇవాళ రాలేదనుకో, ఇక రాకెట్ అవతల పారేసి బుద్ధిగా చదువుకో. నావల్ల కాదు" అన్నాడు తండ్రి దారిలో. పట్టుదల పెరుగుతుందని అన్నాడు పాపం. స్కూటర్ వెనక కూర్చున్న పిట్టకు అది తీర్పులాగే వినిపించింది. మేడ మీద గోడకు షటిల్ కొట్టుకుంటూ తనలో తాను కబుర్లు చెప్పుకునే పిల్ల అది. రాకెట్ లేని రోజును ఊహించుకోవడం కూడా దానికి చేతకాదు.

పిల్లల్ని పరీక్షించేది ఒకప్పటి క్రీడాకారిణి. జుట్టు నెరిసింది, కుడి మోకాలు వంగదు. అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ కాసేపు ఆటలు చూసింది. పాయింట్ పోయిన ప్రతిసారీ పిల్లల కళ్లు షటిల్ వైపు కాక గ్యాలరీ వైపు పోతున్నాయి. ఆవిడ విజిల్ ఊది ఆట ఆపించింది.

"పెద్దవాళ్లంతా కుర్చీలు గోడవైపు తిప్పుకుని కూర్చోండి."

గ్యాలరీలో కలకలం రేగింది. "సినిమాకొచ్చి తెరవైపు చూడొద్దంటే ఎలాగండీ?" అన్నాడొకాయన. ఆవిడ నవ్వలేదు. గొణుక్కుంటూనే అందరూ తిరిగారు.

పిట్ట తండ్రి ఎదురుగా పెచ్చులూడిన గోడ తప్ప ఏమీ లేదు. వెనక బూట్ల కిచకిచ, షటిల్ తగిలిన చప్పుడు. ఎవరు కొట్టారో, ఎక్కడ పడిందో తెలియదు. అలవాటు కొద్దీ చెవి పట్టుకున్నాడు, అది చూసే వాళ్లెవరూ లేరని గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. ఇంతలో చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

"సర్వీస్ నీదే, కొట్టమ్మా" అంది పెద్ద మేడమ్ గొంతు.

తర్వాత ఏడుపు దిగమింగుతున్న చిన్న గొంతు వినిపించింది. "మేడమ్, మా నాన్నని ఇటు తిప్పండి. నాన్న చెప్పకపోతే ఏం కొట్టాలో నాకు తెలీదు."

లారీ మీదికొచ్చినా అదరని మనిషికి వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాల్లేదు.

కాసేపటికి పెద్ద మేడమ్ కుంటుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. "ఈ సీటు మీ అమ్మాయికి ఇవ్వలేనండీ."

"అంటే, దానికి టాలెంట్ లేదంటారా?"

"నాకు తెలీదు. మీకూ తెలీదు. ఇన్నాళ్లూ అందరూ చూసింది మీ ఆట, ఆ పిల్ల ఆట కాదు. పొడుగు కొలుస్తాను, పరుగు కొలుస్తాను. అవి ఎవరైనా కొలుస్తారు. ఒక షాట్ తప్పిపోతే ఇంకోలా కొట్టి చూద్దామనుకునే పిల్లలోనే రేపటి ఆట కనపడేది. తప్పు కొట్టడానికే వణికిపోతుంటే ఏం చూడమంటారు? దాన్ని ఆడనివ్వండి, ఓడిపోనివ్వండి. వచ్చే ఏడు తీసుకురండి, మళ్లీ చూస్తాను."

ఆయన కోర్టులోకి దిగాడు. పిట్ట తల వంచుకుని నిలబడి ఉంది. తల నిమురుదామని చెయ్యెత్తాడు. పిల్ల గట్టిగా కళ్లు మూసుకుని, భుజాలు ముడుచుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆయన ఆ పిల్లను ఏనాడూ కొట్టలేదు. కొట్టకుండానే ఇంత భయం పెట్టానా అనుకునేసరికి ఆయనకే భయమేసింది. కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "రేపట్నుంచి నీకు నచ్చినట్టు ఆడుకో తల్లీ. నేను చూడ్డానికి కూడా రాను."

"నిజంగానా నాన్నా?" అంది పిట్ట. కళ్లు తెరిచింది గానీ, అడుగు ముందుకు వేయలేదు.

ఆ ఒక్క అడుగు దూరం తాను పెంచిందేనని ఆయనకు అప్పుడు అర్థమైంది. బిడ్డలో ప్రతిభ ఎంతుందో తెలుసుకోవాలనుకునే ప్రతి తల్లీ తండ్రీ, ఆ బిడ్డ తమను చూసి ఎంత భయపడుతోందో ముందు తెలుసుకోవాలి.