వావ్రా వాళ్ళ సెల్లారులో సముద్రం

గురువారం వస్తే బడి వంటగదిలో చిల్లీ ఉడకాలి, దాని పక్కన దాల్చినచెక్క రోల్ ఉండాలి. కారం కారంగా మాంసం, బీన్సు, వెంటనే తియ్యటి రొట్టె. మా నెబ్రాస్కాలో ఈ రెంటినీ కలిపే తింటారు, ఎందుకని అడిగినవాణ్ణి పైకీ కిందకీ చూస్తారు. రెనీ వావ్రా పద్దెనిమిదేళ్ళుగా ఆ రోల్స్‌కి పిండి కలుపుతోంది. రెండు వందల మంది పిల్లలకి వడ్డించి, గిన్నెలు కడిగి, రెండున్నరకి ఇంటికొచ్చి బూట్లు విప్పి, ముందు ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూస్తుంది. ఆ వారం ఏ రోజు ఎన్నింటికి పోటు వస్తుందో కూతురు కోరిన్ రాసి పెట్టిన కాగితం అది.

పోటు వేళ అయితే రెనీ సెల్లారులోకి దిగుతుంది. కింది నుంచి మూడో మెట్టు మీద కూచుని కాళ్ళు నీళ్ళలో పెడుతుంది. నిలబడి నిలబడి పీకే కాళ్ళకి ఉప్పునీళ్ళు మంచివని ఆమె అంటుంది.

మా ఊరి నుంచి ఏ దిక్కుకి పోయినా సముద్రం కనబడాలంటే రెండు రోజులు కారు నడపాలి. వావ్రా వాళ్ళ సెల్లారుకి మాత్రం ఐదేళ్ళుగా రోజుకి రెండుసార్లు వస్తోంది. తూర్పు గోడలోంచి వచ్చి, తూర్పు గోడలోంచే పోతుంది. మామూలుగా జానెడు లోతు, పున్నమికీ అమావాస్యకీ మోకాలి దాకా. రెనీ భర్త డ్వెయిన్ బట్టలుతికే మిషన్ కింద రెండు వరసలు ఇటుకలు పేర్చాడు, పచ్చడి సీసాలు పై అరలకి ఎక్కించాడు. ఇంటి బీమా మనిషి వచ్చి చూసి, ఫారం మీద ‘కాస్త చెమ్మ’ అని రాసుకుని పోయాడు. ఒకసారి డ్వెయిన్ చెప్పొకటి ఆటుతో పాటు గోడలోకి పోయింది. వారం తర్వాత దానికి బదులుగా ఎవరిదో పడవ తాడు ముక్క వచ్చింది.

“చెడ్డ బేరమేం కాదు” అని డ్వెయిన్ ఆ తాడుతో కొట్టంలో నిచ్చెన కట్టుకున్నాడు.

కోరిన్‌కి పన్నెండేళ్ళప్పుడు, సముద్రం మీద ఒక పెద్ద బొమ్మల పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న వారంలోనే నీళ్ళు మొదటిసారి వచ్చాయి. అందుకని అది పిల్ల కోసం వచ్చిన సముద్రమే అని అందరూ అనుకున్నారు. కోరిన్ ఆ రోజే గోడకి గజం స్కేలు మేకుతో కొట్టి, నోటుపుస్తకం తెరిచింది. తేదీ, వేళ, ఎత్తు. జ్వరం వచ్చిన రోజున కూడా దుప్పటి కప్పుకుని దిగి రాసింది. ఇప్పుడు బడిలో ఆఖరి సంవత్సరం. ఆమెకి కావలసింది ఒకే ఒక్క కాలేజీ. అట్లాంటిక్ ఒడ్డున, సొంత రేవూ పరిశోధన పడవా ఉన్న కాలేజీ. వందమంది అడిగితే ఏడుగుర్ని తీసుకుంటుంది. నవంబరు ఒకటో తేదీ లోపల ముందస్తుగా దరఖాస్తు పెట్టుకుంటే అవకాశం కొంచెం మెరుగని చెబుతారు.

అక్టోబరులో శాట్ మార్కులు వచ్చాయి, కాలేజీల్లో చేరడానికి పదహారు వందలకి రాసే పరీక్షవి. తల్లీ కూతుళ్ళని కౌన్సిలర్ మిసెస్ హోలుబ్ తన గదికి పిలిచింది. ఆవిడ మూడు బళ్ళకి కలిపి ఒక్కతే కౌన్సిలర్, పైగా ఆడపిల్లల వాలీబాల్ కోచ్. బల్ల మీద సగం వల, సగం కాగితాలు. ఆ కాగితాల్లోంచి ఒకటి లాగి, అంకెల కింద స్కేలు పెట్టి గీత గీసింది.

“చూడమ్మా, వాళ్ళు చేర్చుకునే పిల్లల మార్కులు పధ్నాలుగు వందల తొంభై దగ్గర మొదలవుతాయి. నీది పధ్నాలుగు వందల పది. గీతకి కింద. పంపకపోవడమే మేలు.”

“మార్కు పంపకపోతే ఏమనుకుంటారో మేడమ్?” అంది రెనీ.

“పంపడం మన ఇష్టమని వాళ్ళే రాశారు కదా! తక్కువ మార్కు మన చేత్తో మనమే ఎందుకు చూపించుకోవాలి? మన దగ్గర అందరం ఇలాగే చేస్తున్నాం.”

“వ్యాసంలో మా సెల్లారు గురించి రాయనా మేడమ్?” అని కోరిన్ అడిగింది.

“సెల్లార్లు ఎవరికి లేవు? వాలీబాల్ గురించి రాయి. నాయకత్వం కనబడుతుంది.”

కోరిన్ ఆ ఏడాదంతా బెంచీ మీద కూచుని అందరికీ తువ్వాళ్ళు అందించింది. అయినా తలూపింది. పదేళ్ళలో ఆ బడిలో ఎవరికీ అంత మార్కు రాలేదన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. మావాళ్ళ జబ్బే అది. తమ అంకెని ఎక్కడో ఉన్నవాళ్ళ అంకె పక్కన పెట్టి చిన్నబుచ్చుకుంటారు తప్ప, పక్కింటివాళ్ళ అంకె పక్కన పెట్టి చూసుకోరు.

ఆ సాయంత్రం డ్వెయిన్ మొక్కజొన్న కోత నుంచి ఒళ్ళంతా పొట్టుతో వచ్చాడు. కోరిన్ ఒప్పంద పత్రం ముందు పెట్టింది. సీటిస్తే తప్పకుండా చేరతాననీ, ఇంకే కాలేజీ తలుపూ తట్టననీ పిల్లా, పెద్దవాళ్ళూ, కౌన్సిలరూ సంతకాలు చెయ్యాలి.

“మన పెళ్ళికి కూడా ఇంత గట్టిగా రాయించుకోలేదు కదే” అన్నాడు డ్వెయిన్ రెనీతో. సంతకం చేసి, “రాకపోతే ఏంటి మరి?” అన్నాడు.

“లింకన్‌లో మన స్టేట్ యూనివర్సిటీ ఉందిగా” అంది కోరిన్, కంచంలోకి చూస్తూ. “సముద్రం ఉండదు, అంతే.”

“సముద్రానికేం, సెల్లారులో ఉంది.”

ఎప్పుడూ నవ్వే పిల్ల నవ్వలేదు. రెనీ సంతకం పెట్టింది. పిల్ల వెళ్ళాలి, వెళ్ళకూడదు. రెండూ ఒకే గుండెలో కూచుని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

మర్నాడు పోటు వేళకి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. కోరిన్ పుస్తకంలో అంకె రాస్తోంది.

“ఎంత?” అంది రెనీ.

“నాలుగున్నర అంగుళాలే. ఈ నెల్లో ఇదే తక్కువ.”

“తక్కువొచ్చిన రోజులు కూడా రాస్తావేంటి?”

“రాయకపోతే లెక్క ఎలా తెలుస్తుందమ్మా? ఎక్కువొచ్చినవే రాస్తే అది సముద్రం కాదు, గొప్పలు.”

“మరి నీ మార్కు?”

కోరిన్ పెన్సిల్ ఆగింది. “అది వేరు” అని పుస్తకం మూసి పైకెళ్ళిపోయింది. ఆ రాత్రే దరఖాస్తు పంపేసింది, మార్కు లేకుండా.

నవంబరు ఒకటి మధ్యాహ్నం కోరిన్ ఇంకా బడిలో ఉంది. రెనీ క్రిస్మస్‌కి చేసే తీపి రొట్టెలు, కొలాచీలు, పెట్టుకునే గుండ్రటి డబ్బా కడిగి తుడిచింది. అందులో ఐదేళ్ళ నోటుపుస్తకం పెట్టింది. పుస్తకం మధ్యలో మార్కుల కాగితం పెట్టింది. వంటగది ఆర్డర్లు రాసుకునే చీటీ మీద ఇలా రాసింది: “ఇది మా అమ్మాయి కోరిన్ వావ్రాది. పంపుతున్నట్టు తనకి తెలీదు. పుస్తకంలో ఎత్తులు నిజం. ఈ మార్కూ నిజమే. – రెనీ వావ్రా, బడి వంటగది.” మూత చుట్టూ మూడుసార్లు టేపు తిప్పి, నీళ్ళు వెనక్కి మళ్ళడం మొదలుకాగానే డబ్బాని వాటి మీద పెట్టింది. అది ఇటుకలకి ఒకసారి తగిలి, తిరిగి, గోడలోకి వెళ్ళిపోయింది.

ఆమె దాచలేదు. పిల్ల ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పేసింది.

“నా పుస్తకమా? ఐదేళ్ళదమ్మా అది! నీళ్ళలో వేశావా?”

“డబ్బాలో పెట్టి వేశాను.”

“నా మార్కు కూడానా? వద్దన్నాను కదా! అది నాది. చూపించాలో లేదో నేను చెప్పాలి, నువ్వు కాదు.”

తను చేసింది తప్పేనని రెనీకి తెలుసు. మళ్ళీ అవకాశమిచ్చినా అదే చేస్తానని కూడా తెలుసు.

అప్పట్నుంచి ఆరు వారాలు కోరిన్ తల్లితో మాట్లాడలేదు. గురువారాలు పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చేది. రెనీ అందరికన్నా పెద్ద రోల్ ఏరి పెట్టేది. పిల్ల గోడ గడియారం వైపు చూస్తూ తీసుకుని వెళ్ళేది. వెనకాలున్న పిల్లలు, “మాకు మాత్రం చిన్నవా ఆంటీ?” అని గొడవ చేసేవాళ్ళు. రెనీకి కళ్ళు మండేవి, పొయ్యి వేడని చెప్పేది.

డిసెంబరు పదిహేను సాయంత్రం ఐదింటికి ఫలితం. ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ కూచున్నారు. డ్వెయిన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోరిన్ ఫోను నొక్కింది, చదివింది, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

“తీసుకున్నారు” అంది, ఎవరికో చెబుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే కింద మిషన్‌కి ఏదో టంగుమని తగిలింది. కోరిన్ మెట్లు రెండేసి చొప్పున దిగింది. నీళ్ళ మీద కొలాచీల డబ్బా తేలుతోంది, దాని వెనకాలే డ్వెయిన్ చెప్పు. డబ్బాలో పుస్తకం చెమ్మ తగలకుండా ఉంది. ఆఖరి అంకె కింద ఎవరో పెన్సిల్‌తో పొందిగ్గా రాశారు:

“మా రేవు కొలతలతో సరిచూశాం. వేళలన్నీ నిమిషం తేడా లేకుండా కలిశాయి. ఎత్తులు కలవనివి పదకొండు. ఆ పదకొండు రోజులూ మా కొలబద్దే వంగి ఉందని తేలింది, బాగు చేయించాం. మార్కుల కాగితం మా దగ్గర ఉంచుకున్నాం. మీ బడి సగటు తొమ్మిది వందల అరవై. దాని పక్కన పెడితే మీది ఎంత పెద్ద అంకో మీకెవరూ చెప్పినట్టు లేదు. ఇలాంటివి ఇకమీదట దాచకండి. ఈ చెప్పు మూడేళ్ళుగా మా పడవల షెడ్డులో ఉంది. మీదేనా?”

కోరిన్ తడి బట్టలతోనే వచ్చి తల్లిని వాటేసుకుంది. “అమ్మా” అంది. ఆరు వారాల తర్వాత మొదటి మాట. రెనీ పిల్ల జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

మర్నాడు పోటు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తూర్పు గోడ మీద ఉప్పు తెల్లగా పొడిబారింది.

“నాకిక ఇక్కడ అక్కర్లేదుగా, అందుకే” అంది కోరిన్, కాస్త బెంగగా. డ్వెయిన్ ఇటుకలు తీసి పెరట్లో పేర్చి, మిషన్‌ని నేల మీదికి దించాడు.

ఆ గురువారం రెనీ రెండున్నరకి ఇంటికొచ్చింది. బూట్లు విప్పింది. ఫ్రిజ్ మీద కాగితం లేదు. అయినా కాళ్ళు సెల్లారు వైపే వెళ్ళాయి. మూడో మెట్టు మీద కూచుని, పొడి నేల మీద పాదాలు ఆనించింది. నలభై మూడేళ్ళు వచ్చాయి, సముద్రం చూడలేదు. ఇన్నేళ్ళూ ఈ మెట్టు మీదికి కాళ్ళ నొప్పులకే దిగానా అనుకుంది. ఆ బొమ్మల పుస్తకం ఇంటికొచ్చిన వారం కోరిన్ నిద్రపోయాక దాన్ని పేజీ పేజీ తిప్పింది తనే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, అడిగినవాళ్ళు లేక. సముద్రం కావాలని ఆమెకి ఎంతగా ఉందో ఆ క్షణం దాకా ఆమెకే తెలీదు.

పాదాల కింద చల్లగా తగిలింది.

డ్వెయిన్ మధ్యాహ్నం కాఫీకి ఇంటికొచ్చి, చప్పుడు విని మెట్ల దగ్గరికొచ్చాడు. నీళ్ళు రెనీ మోకాళ్ళు దాటాయి. బట్టల మిషన్ సగం మునిగింది. అతను నీళ్ళకేసి చూశాడు, పెళ్ళాం మొహంకేసి చూశాడు.

“ఇది పిల్లది కాదు కదూ?” అన్నాడు.

రెనీ కాదన్నట్టు తలూపింది.

అతను పెరట్లోకి వెళ్ళి ఇటుకలు మోసుకురావడం మొదలుపెట్టాడు. ఈసారి మూడు వరసలకి సరిపడా తెచ్చాడు. ఆఖరి విడత వచ్చినప్పుడు చంకలో కోరిన్ నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు ఉన్నాయి. రెండూ రెనీకి అందించి, మిషన్ ఎత్తడానికి నీళ్ళలోకి దిగాడు.

“ఎంతొచ్చింది?” అన్నాడు.

రెనీ గోడ మీద స్కేలుకేసి వంగి చూసింది. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన తన పేరు రాసుకుంది. కింద తేదీ వేసి, వేళ వేసి, ఇరవై రెండు అంగుళాలని రాసింది.