లెక్క తప్పిన జపం

శబ్దాలు కోసి అతికించడం నా పని. దాన్ని కళ అనేవాళ్ళూ ఉన్నారు గాని, అక్క నన్ను "చప్పుళ్ళ పిచ్చోడు" అనే పిలుస్తుంది. అమ్మ పోయిన రెండో నెలలో నా ప్రదర్శన మొదలైంది. తెల్లటి ఖాళీ గది, చుట్టూ ఎనిమిది స్పీకర్లు, వాటిలో అమ్మ జపం. నూరు పూసల మాల, పూసకొకసారి దేవుడి పేరు. జనం రాకముందే అక్కను తీసుకెళ్ళి గది మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఊరంతా మెచ్చుకున్నా సరే, అక్క పెదవి విరిస్తే నాకు ముద్ద దిగదు. అమ్మ ఇక్కడే ఉన్నట్టుందని ఆమె ఒక్కమాట అంటే చాలనుకున్నాను.

అమ్మ మంచం పట్టాక రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆమె పక్కన మైకు పెట్టేవాణ్ణి. నాకు కావలసిందల్లా ఎక్కడా ఆగకుండా ఒక్క నూరు. మహాతల్లి ఒక్కనాడూ ఇవ్వలేదు. ఎనభై దాకా చక్కగా వచ్చేది. అప్పుడు కళ్ళు తెరిచి, "అయ్యో, లెక్క తప్పిందిరా కన్నా. మళ్ళీ మొదటినుంచి చెబుతానుండు" అనేది.

"నీతో వేగలేనమ్మా!" అని విసుక్కునేవాణ్ణి.

ఆమె నవ్వేసి, "తిన్నావా?" అని అడిగి, మాల సర్దుకుని మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఒక్కోరోజు మూడేసిసార్లు తప్పేది. అరగంట పనని వెళ్ళినవాణ్ణి పొద్దు వాలేదాకా అక్కడే ఇరుక్కుపోయేవాణ్ణి. ఒళ్ళు మండిపోయేది.

చివరికి మంచి ముక్కలు ఏరి నూరు పూర్తిచేశాను. దగ్గులు, "తిన్నావా"లు, "లెక్క తప్పింది"లు అన్నీ కోసేశాను. కోసినవి దాచుకోను. చెత్త దాచుకునేవాడు ఈ పనికి పనికిరాడని నలుగురికీ నీతులు కూడా చెప్పేవాణ్ణి.

అక్క నూరూ విన్నది. 

"బాగుందిరా. ఎక్కడా వంక లేదు. మరి అమ్మ ఏదీ?"

"అదేంటక్కా? నూరుసార్లూ అమ్మేగా!"

"మధ్యలో ఎవర్నో ఒకర్ని పలకరించకుండా అమ్మ ఎప్పుడైనా కూర్చుందా?"

"అవన్నీ తీసేశాను. పైగా ఊరికే లెక్క తప్పేది, ఎన్నిసార్లని..."

"లెక్క తప్పడమేంట్రా?"

అక్క సంచిలోంచి అమ్మ మాల తీసి నా చేతిలో పెట్టింది. "ఒక్కో పూసా జరుపుకుంటూ పోతారు. ఈ పెద్ద పూస వేలికి తగిలితే నూరైనట్టు. మనం లెక్కపెట్టక్కర్లేదనే కదా ఈ మాల! ఎలా తప్పుతుంది?"

నేను పూసలు జరిపాను. పెద్ద పూస వేలికి తగిలింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి జరిపాను. మళ్ళీ తగిలింది.

"నా దగ్గర ఒక్కరోజు కూడా తప్పలేదురా," అంది అక్క మెల్లగా. "నేను ఆ ఇంట్లోనే ఉండేదాన్నిగా."

నూరు పూర్తయితే నేను మైకు సర్దుకుని లేచిపోతాను. అది అమ్మకు తెలుసు. అక్కను అక్కడే వదిలేసి నా పనిగదికి పరుగెత్తాను.

కోసినవి ఒక్కటీ లేవు. ఆఖరి రోజుది మాత్రం మిగిలింది. గొంతు మరీ సన్నగా ఉంది, పనికిరాదని దాన్ని తెరవనే లేదు. ఇప్పుడు తెరిచాను. అమ్మ ముప్పై దాకా వచ్చి ఆగింది.

"అయ్యో, లెక్క..."

"చాల్లేమ్మా," అంటున్నది నా గొంతే. "ఉన్నవాటితో సరిపెట్టుకుంటాను. నువ్వు పడుకో."

"సరే నాన్నా."

తరవాత నేను వైర్లు చుట్టుకుంటున్న చప్పుడు. దాని కింద, వినిపించీ వినిపించనట్టుగా, అమ్మ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. రెండు. మూడు.

నాలుగో పూస దగ్గర ఆ రోజు నేనే మీట నొక్కి ఆపేశాను.