పద్నాలుగు జతల మేజోళ్లు

మా బెటాలియన్ వంటబండికి చెడిపోవడమంటే ఏమిటో తెలియదని పదకొండేళ్లు అందరూ నమ్మారు. ఆ బండి పుస్తకంలో "లోపం" అనే గడిలో ప్రతి నెలా "లేదు" అని రాసింది నేనే. ఒకే మాట అన్నిసార్లు రాస్తే చివరికి రాసినవాడు కూడా నమ్మేస్తాడు.

పోయిన ఏడాది, సైనికులను కాచే పరిశుద్ధ గెయోర్గి పండుగనాడు, సైనిక కవాతు మైదానంలో, కర్నల్ గారు నాకొక ఇత్తడి ఫలకం ఇచ్చారు. "సార్జెంటు మెతోది. పదేళ్లు, ఒక్క లోపం లేదు" అని దాని మీద చెక్కి ఉంది. ఇంటికి తెచ్చి ముందుగదిలో పరిశుద్ధ గెయోర్గి పటం కింద మేకు కొట్టి తగిలించాను. మా ఆవిడ వసీల్కా దాన్ని చూసి, నన్ను చూసి, పిండి చేతులతో నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆనందం పట్టలేక వెళ్లిందనుకున్నాను.

ఈ వసంతంలో సామాన్లు, మరమ్మతులు చూసే వాళ్లందరినీ మూడు వారాల శిక్షణకు పిలిచారు. పాఠం పేరు ఒక వరుసలో పట్టేది కాదు. దాన్ని నేర్పడానికి వచ్చిన కెప్టెన్ జోర్నిత్సా గారు మా పెద్దమ్మాయి వయసు మనిషి. మొదటిరోజే ఆ పేరును చెరిపేసి బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశారు. యంత్రం ఎంతసేపు మాట నిలబెట్టుకుంటుంది? మాట తప్పితే మీరు ఎంత తొందరగా లేపి నిలబెడతారు?

"ఇంతేనా?" అన్నాడు నా పక్కన కూర్చున్న బొగొమిల్. అంబులెన్సు డ్రైవరు, ముప్ఫై ఏళ్లవాడు, నోటికి తాళం లేనివాడు.

"ఇంతే. మిగతా మూడు వారాలూ మీరు అబద్ధాలు చెప్పకుండా చూడటానికి" అన్నారు కెప్టెన్.

అందరం నవ్వాం. నేను కొంచెం తక్కువగా నవ్వాను.

చివరి పరీక్ష ఇలా పెట్టారు. ఒక్కో జట్టుకు ఒక్కో యంత్రం, ఒక ఇనుప పెట్టె. పెట్టెలో ఇరవై కిలోలకు మించకుండా విడిభాగాలు పెట్టుకోవాలి. గెయోర్గి పండుగకు ముందు రెండు రోజులు, పండుగరోజు, రోజుకు పదహారు గంటల చొప్పున యంత్రం నడవాలి. అది చెడితే పెట్టెలో ఉన్నదానితోనే బాగుచేయాలి. పెట్టెలో లేనిది లోకంలో లేనట్టే. ఏది పెట్టుకోవాలో మన ఇష్టం కాదు, యంత్రం పుస్తకంలోని పాత లోపాలను లెక్కకట్టి కంప్యూటరు చెబుతుంది.

నాకు, బొగొమిల్‌కు వచ్చింది నా వంటబండే. దాంతోపాటు కర్నల్ గారి మాట కూడా వచ్చింది. "మూడు రోజుల్లో మొత్తం అరగంట కంటే ఎక్కువ ఆగితే దాన్ని పాత ఇనుముకు పంపేస్తాను, మెతోదీ. బయట హోటలు వాళ్లు డబ్బాల్లో భోజనం పంపుతామంటున్నారు."

డబ్బాల్లో భోజనం! పండుగరోజున ఊరంతా గిన్నెలు పట్టుకుని నా బండి దగ్గర చిక్కుడుగింజల చారు కోసం వరుస కడుతుంది. పదకొండేళ్లు ఆ బండి పొయ్యి దగ్గర చలికాచుకున్నాను. దాన్ని పాత ఇనుముకు పంపనిస్తానా?

మరునాడు కంప్యూటరు జాబితాలు ఇచ్చింది. జనరేటరు జట్టుకు రెండు పేజీలు. నీళ్ల ట్యాంకరు జట్టుకు మూడు పేజీలు. మాకు ఒక తెల్ల కాగితం.

"అభినందనలు, సార్జెంటు గారూ. మీ బండి చెడదు కాబట్టి మీ పెట్టె ఖాళీ" అన్నారు కెప్టెన్.

"మంచిదే బాబాయ్, పెట్టెలో మన శాండ్‌విచ్‌లు పెట్టుకుందాం" అన్నాడు బొగొమిల్.

"జేబులు కూడా చూస్తాం" అని కెప్టెన్ నా వైపే చూస్తూ అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ బండి దగ్గరికి వచ్చారు. పొయ్యికి గాలి కొట్టే ఫ్యాను మీది రేకు విప్పించి, చిన్న పట్టకారుతో లోపలి నుంచి ఏదో లాగారు. అది సాగింది. ఇంకా సాగింది. జానెడు పొడవు గోధుమరంగు నైలాను పీలిక.

"ఇది ఏ పార్టు?"

"అది... ఒక కట్టేనండీ."

"ఎక్కడి నుంచి వచ్చింది?"

నేను బూట్లు చూసుకున్నాను. బొగొమిల్ ఆ పీలికను తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "బాబాయ్, ఇది పిన్నిదా?"

మా దగ్గర పద్ధతి తెలియనివాళ్లకు నా బాధ అర్థం కాదు. యంత్రం చెడిందని పుస్తకంలో రాస్తే ముగ్గురు సాక్షులతో కమిటీ వేయాలి. ఏడు కాగితాలు నింపాలి. ముగ్గురూ సంతకం చేయాలి. అదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత క్యాంటీన్లో నువ్వు ట్రే పట్టుకుని నడుస్తుంటే, "అదుగో, తన బండి తనకే తెలియనివాడు" అంటారు. అందుకని ఎవరూ రాయరు. తీగ చుడతారు, బంక అంటిస్తారు, దండం పెట్టుకుంటారు. ఫ్యాను బెల్టు తెగినప్పుడల్లా నేను ఇంట్లోంచి నైలాను మేజోడు తెచ్చి బెల్టులా ముడేసి ఆ రోజు గడిపేవాణ్ణి. తర్వాత మా బావ కొట్టంలోని పాత ట్రాక్టరు బెల్టు కోసి బిగించేవాణ్ణి.

"కొత్త బెల్టు పంపమని ఎందుకడగలేదు?" అన్నారు కెప్టెన్.

"పంపరండీ. పదకొండేళ్లలో ఒక్కటి పంపలేదు."

"ఎందుకు పంపుతారు? ఒక్కసారి కూడా తెగని బెల్టుకు విడి బెల్టు ఎందుకని వాళ్ల కంప్యూటరు అనుకుంది. మీరు దాచారు, అందుకే వాళ్లు పంపలేదు. వాళ్లు పంపలేదు, అందుకే మీరు మేజోళ్లు కట్టారు. మేజోళ్లతో పని నడిచింది, అందుకే మళ్లీ దాచారు."

నాకు ముందు సిగ్గేసింది. తర్వాత కడుపులో ఎక్కడో నవ్వు మొదలైంది. పదకొండేళ్లుగా నా తోక నేనే పట్టుకుని గిరగిరా తిరిగాను! బొగొమిల్ అప్పటికే చక్రం మీద వాలిపోయి నవ్వుతున్నాడు.

"పాత లోపాలు తేదీలతో రాసిస్తే లెక్క మళ్లీ కడతాను. కానీ రాస్తే మీ ఫలకం..." అని కెప్టెన్ ఆగారు.

ఆ సాయంత్రం చర్చిలో కొవ్వొత్తి వెలిగించి కాసేపు కూర్చున్నాను. పాపం చెప్పుకుంటే దేవుడు వింటాడు, క్షమిస్తాడు, ఎక్కడా రాసుకోడనే నేను నేర్చుకున్నాను. మరి బండి సంగతి? అది మౌనంగా భరించింది కదా. దాని తరఫున ఎవరు చెప్పుకోవాలి? ఫలకం కావాలా, బండి కావాలా అని నన్ను నేను అడిగితే జవాబు వెంటనే వచ్చింది. తేదీలే రాలేదు. నాకు గుర్తున్నవి మూడు.

ఇంటికెళ్లి మేకు మీది ఫలకం తీస్తుంటే వసీల్కా వచ్చి నిలబడింది.

"నీకొకటి చెప్పాలి. ఇన్నేళ్లుగా నీ మేజోళ్లు..."

"పద్నాలుగు జతలు" అంది.

నా చేతిలోంచి ఫలకం కిందపడింది.

"తెలుసా నీకు?"

"సొరుగులోంచి మేజోళ్లు వాటంతటవే నడిచిపోతాయా? మొదటిది నల్లది, ఈస్టరు ముందు శుక్రవారం. నేను చర్చికి ఒట్టికాళ్లతో వెళ్లాను. రెండోది మా చెల్లెలి కొడుకు బాప్తిస్మానికి రెండు రోజుల ముందు. మూడోది ఆ వరదలొచ్చిన వారం. నాలుగోది, అది వెనక గీత ఉన్నది, దాని సంగతి నేను చచ్చేదాకా మర్చిపోను..."

"ఇన్నాళ్లూ అడగలేదేం?"

"బండి నడుస్తోంది కదా. పైగా ఆ ఫలకం కింద నువ్వు ఛాతీ విరుచుకుని కూర్చుంటే చూడ్డానికి సరదాగా ఉండేది."

మరునాడు ఆమెను వెంటబెట్టుకుని తరగతికి వెళ్లాను. ఆమె చేతిలో వెన్న కారుతున్న బానిత్సా అనే చీజు రొట్టె పళ్లెం, తలకు పండుగ రుమాలు. కెప్టెన్ కుర్చీ వేశారు. వసీల్కా ఒక్కో జతనూ రంగుతో, రోజుతో, ఆ రోజు ఇంట్లో జరిగిన గొడవతో సహా చెబుతుంటే కెప్టెన్ బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. ఏడో జత దగ్గర సుద్దముక్క విరిగింది. తొమ్మిదో జత దగ్గర కెప్టెన్ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నారు.

"నెమ్మదిగా చెప్పండమ్మా, ఆ గీత ఉన్నది ఏ నెల?"

"అక్టోబరండీ. మీరు పెళ్లి చేసుకోకండి, చేసుకుంటే వంటబండి లేనివాణ్ణి చేసుకోండి."

నేను ఫలకం తీసుకెళ్లి కెప్టెన్ బల్ల మీద బోర్లా పెట్టాను. అప్పుడు జనరేటరు జట్టులోని లావుపాటి కార్పొరల్ గొంతు సవరించుకుని లేచాడు.

"మా జనరేటరు ఫ్యూజు... చాక్లెట్ కాగితమండీ. నాలుగేళ్లుగా."

"మా ట్యాంకరు కుళాయి చూయింగ్‌గమ్. పుదీనా రుచిది" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు.

"అంబులెన్సు తలుపు సరిగ్గా మూసుకోదు. రోగిని పట్టుకోమంటాను" అన్నాడు బొగొమిల్.

ఇక ఆగలేదు. చేతులు లేపేవాళ్లు, బల్లలు చరిచేవాళ్లు, "నాది ఇంకా ఘోరం, ముందు నన్ను చెప్పనివ్వండి" అని కొట్టుకునేవాళ్లు. కెప్టెన్ రెండో బోర్డు తెప్పించారు. వసీల్కా అందరికీ బానిత్సా పంచుతూ, ఒక్కొక్కరి లోపమూ విని, "అయ్యో పాపం" అని ఇంకో ముక్క పెట్టింది.

లెక్క తేలింది. వంటబండి పదకొండేళ్లలో మొత్తం ఐదువందల అరవై గంటలు నడిచింది. బెల్టు పద్నాలుగుసార్లు తెగింది. సగటున నలభై గంటలకు ఒకసారి. పరీక్ష నలభై ఎనిమిది గంటలు. మా పెట్టెలోకి రెండు బెల్టులు, పొయ్యిలోకి ఇంధనం చిమ్మే నాజిళ్లు మూడు, మూత రబ్బరు ఒకటి వచ్చాయి. కొత్త బెల్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. అప్పుడే తీసిన రొట్టెలా అనిపించింది.

బండిని ఉన్నది ఉన్నట్టుగానే మొదలుపెట్టాలని నియమం. పోయిన శరదృతువులో బండి నడిచిన చివరిరోజున బిగించిన ట్రాక్టరు బెల్టే దాని మీద ఉంది. మొదటిరోజు నాజిల్ మూసుకుపోయింది. కొత్తది వేశాం, నాలుగు నిమిషాలు. రెండోరోజు ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి నాకు భయం పట్టుకుంది. శిక్షణలో ఉన్నవాళ్లంతా బెల్టు ఏ గంటలో తెగుతుందో పందేలు కాసుకుని బండి చుట్టూ తిరుగుతున్నారు. తెగకపోతే నేను లోపాలు కల్పించి చెప్పానంటారేమో! ఇన్నేళ్లూ తెగకూడదని మొక్కుకున్న పరిశుద్ధ గెయోర్గికే ఇప్పుడు తెగాలని మొక్కుకోవచ్చా? ఆయనకు చిరాకు రాదా? చివరికి, "స్వామీ, నీ ఇష్టం, కానీ మరీ ఆలస్యం చేయకు" అని సర్దుకున్నాను.

పండుగరోజు. కాల్చిన గొర్రెమాంసం వాసన ఊరంతా. మైదానంలో పూలదండలు, బ్యాండు, గిన్నెలు పట్టుకున్న మూడువందల మంది. కర్నల్ గారు వరుసలో ముందు నిలబడ్డారు. ముప్ఫై ఎనిమిదో గంట దాటింది. బొగొమిల్ చేతిలో గడియారం.

"బాబాయ్, నేను ముప్ఫై తొమ్మిది అన్నాను. ఇంకో ఇరవై నిమిషాలు ఆపగలవా?"

"నేనెలా ఆపుతానురా, ఊదనా?"

అప్పుడు ఫ్యాను మూలిగింది. ఫట్! ఫ్యాను ఆగింది, పొయ్యి ఆరిపోయింది, కుతకుతలాడే చారు నోరు మూసుకుంది. మూడువందల మందీ మెడలు చాచి చూశారు.

"తెగింది!" అని అరిచాను. టోపీ గాల్లోకి విసిరాను. "తెగిందండీ, తెగింది!"

జనరేటరు కార్పొరల్ నన్ను ఎత్తి తిప్పాడు. ఏం జరిగిందో తెలియకపోయినా జనం చప్పట్లు కొట్టారు, బ్యాండువాళ్లు ఒక పాట అందుకున్నారు. బొగొమిల్ పెట్టె తెరిచాడు. రేకు విప్పాను, తెగినది లాగాను, కొత్తది తొడిగాను, బిగించాను. పొయ్యి గుప్పున అంటుకుంది.

"ఆరు నిమిషాలు" అన్నారు కెప్టెన్.

కర్నల్ గారు ఖాళీ గిన్నె చాచి, "ఇన్నాళ్లూ దీన్ని ఎలా నడిపావయ్యా?" అన్నారు. నేను వరుసలో ఉన్న వసీల్కా వైపు చూశాను. ఆమె ఆకాశం వైపు చూసింది. "సరే, ఉంచుకో నీ బండి. గరిట నిండా వడ్డించు" అన్నారాయన.

వడ్డన కాస్త తగ్గాక బండి పుస్తకం తెరిచాను. "లోపం" గడిలో మొదటిసారి "ఉంది" అని రాశాను. కింద మూడు సంతకాలు కావాలి. నేను చేశాను, బొగొమిల్ చేశాడు. మూడో మనిషి కోసం చుట్టూ చూస్తే, కెప్టెన్ కలం తీసుకెళ్లి వసీల్కా చేతిలో పెట్టారు.

"కెప్టెన్ గారూ, ఆవిడ సైనికురాలు కాదండీ."

"ముగ్గురు సాక్షులని ఉంది, సార్జెంటు గారూ. సైనికులే కావాలని ఎక్కడుంది? ఈ బండి చరిత్ర ఈవిడకంటే బాగా ఎవరికి తెలుసు?"

వసీల్కా తడిచేతులు గౌనుకు తుడుచుకుని, స్కూలు పిల్లలా నాలుక కొరుక్కుంటూ సంతకం చేసింది. పక్కన "ఇతర వివరాలు" అని ఒక ఖాళీ గడి ఉంది. అందులో కూడా ఏదో రాసింది. నేను వంగి చూశాను.

"ఈసారి మేజోళ్లు పోలేదు."