డాక్టరుగారి మూడో గేరు

పళ్ళ డాక్టరుగారికి అబద్ధమాడే రోగులంటే ఒళ్ళుమంట. "రెండుపూటలా తోముతున్నానండీ" అని కుర్చీలో పడుకున్న మనిషి అనగానే, డాక్టరుగారు అతని నోట్లో చిన్న అద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, "అవునవును, ఎవరి పళ్ళు?" అని అడిగేవారు. పాతికేళ్ళ ప్రాక్టీసులో ఆ ప్రశ్న అడగని రోజు లేదు.

అలాంటి మనిషి యాభై నాలుగో ఏట ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నారు. దానికి ఇరవై రెండేళ్ళు. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. "ఇందులో కూర్చుంటే వీధికుక్కలు కూడా మనల్ని తల దించి చూస్తాయండీ" అంది భార్య. ఆయన వినిపించుకోలేదు.

దానికి చేత్తో గేర్లు మార్చే పని లేదు, కారే మార్చుకుంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా నడిచేది. ఇరవై నిమిషాలు తిరిగి వేడెక్కిందంటే, రెండో గేరు నుంచి మూడో గేరుకు వెళ్ళనని మొరాయించేది. ఇంజను గొంతు చించుకుని అరిచేది, కారు మాత్రం నత్తనడక నడిచేది. క్లినిక్కు ముందున్న ఎత్తురోడ్డు మీద ఒకరోజు సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్న పెద్దావిడ ఒకరు ఆయన్ని దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూశారు. డాక్టరుగారు ఆ మర్నాడే బావమరిది షెడ్డుకు బయల్దేరారు.

భార్య తమ్ముడైన ఈ బావమరిదికి గేరుబాక్సులు బాగుచెయ్యడం తప్ప వేరే పని లేదు. మాట మెత్తన, చురక మాత్రం గట్టిది.

"రండి బావగారూ. నొప్పి ఎప్పట్నించి?"

"నాకు కాదోయ్, కారుకి."

"దాన్నే అడుగుతున్నా. చల్లగా ఉన్నప్పుడా, వేడి తగిలితేనా?"

ఈ ప్రశ్నలు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నారు డాక్టరుగారు. రోజుకు ఇరవైసార్లు తను అడిగేవే.

"వేడెక్కితేనే."

"గేరుబాక్సు ఆయిల్ చూసుకుంటున్నారా?"

"రోజూ పొద్దున్నే చూస్తా. నిండుగా ఉంటుంది."

"కింద మరకలేమైనా పడుతున్నాయా?"

"అబ్బే, లేదే." ప్రతి సాయంత్రం కారు కింద పేషెంట్ల మెడకు కట్టే కాగితపు తువ్వాళ్ళు పరిచి, పొద్దున్నే చుట్టచుట్టి చెత్తబుట్టలో పడేస్తున్న సంగతి ఆయన చెప్పలేదు.

"ఈమధ్య దీన్నెవరైనా విప్పారా?"

"ఎవరు విప్పుతారు? నేనైతే స్పానరు పట్టుకుని ఎరగను!"

"మిమ్మల్ని అన్లేదే" అన్నాడు బావమరిది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది డాక్టరుగారి పని.

బావమరిది ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కారును బాగా తిప్పాడు. కారు వేడెక్కి, అలవాటు ప్రకారం అరిచి, మొరాయించింది. షెడ్డుకు తిరిగొచ్చాక ఇంజను ఆపలేదు. బ్రేకు తొక్కిపట్టి గేరు కర్రను ఒక్కొక్క స్థానంలోకీ జరిపి, మళ్ళీ మొదటికి తెచ్చాడు. అప్పుడు దిగి, ఆయిల్ కొలిచే కమ్మీని బయటికి లాగి, తెల్లగుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. కొసన కాస్త తడి. అంతే.

"నిండుగా ఉందన్నారు?"

"ఒట్టు! పొద్దున్న నా కళ్ళతో చూశాను." ఇది నిజమే కాబట్టి ఆయన గొంతు కూడా పెద్దదైంది.

"ఇంజను ఆపి చూశారా?"

"ఆపకుండా ఎవరు చూస్తారోయ్?"

"ఇంజను ఆయిల్‌కి అది సరే. దీనికి అలా కాదు బావగారూ. ఆపి ఉంచితే పైనున్న ఆయిలంతా కిందికి దిగి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఈ కారుకి వేడి మీద, ఇంజను తిరుగుతుండగానే చూడాలి." తెల్లగుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "రంగు ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. లోపల ఇంకా పాడవలేదు, అదృష్టవంతులు. మరి తగ్గిన ఆయిల్ ఎటు పోయినట్టు?"

కారు లిఫ్టు మీద మెల్లగా పైకి లేచింది. డాక్టరుగారు తేలు కుట్టిన దొంగలా గోడకున్న టైర్ల పోస్టరు చదవసాగారు. బావమరిది టార్చిలైటు పట్టుకుని కిందికి వెళ్ళాడు.

"బావగారూ."

"ఊఁ."

"ఆయిల్ తొట్టి చుట్టూ గులాబీ రంగులో ఇదేంటి?"

"ఏదోయ్?"

"పోయినేడాది నాకు కట్టుడుపన్ను పెట్టడానికి అచ్చు తీస్తానని నా నోట్లో కుక్కారే, ఇదేనా అది?"

డాక్టరుగారు నీళ్ళు నమిలారు. ఇంక నమలడానికి నీళ్ళు కూడా మిగలని దశలో ఒప్పుకున్నారు. ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం, భార్య ఇంట్లో లేని సమయం చూసి, ఫోనులో వీడియో పెట్టుకుని గేరుబాక్సు ఆయిలూ ఫిల్టరూ ఆయనే మార్చారు. విప్పేటప్పుడు తొట్టికీ గేరుబాక్సుకీ మధ్య ఉండే రబ్బరు ప్యాకింగు చిరిగింది. ఆ రోజు షాపులు లేవు. క్లినిక్కులో పళ్ళ అచ్చు తీసే పేస్టు ఉంది.

"గట్టిపడితే రబ్బరే కదా, అతుక్కుని ఉంటుందిలే అనుకున్నాను."

"అచ్చు మాత్రం అమోఘంగా దిగింది. అయితే బోల్టులు పద్నాలుగుండాలి, పదమూడే ఉన్నాయి."

"ఇంకోటి నా బల్ల మీద పెన్నుల డబ్బాలో ఉంది."

బావమరిది పాత టైరు మీద కూలబడి, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత తుడుచుకుని, "పేస్టు సంగతి అక్కకి తెలుసా?" అన్నాడు.

డాక్టరుగారి మొహం మాడింది. క్లినిక్కు సామానంతా చూసుకునేది భార్యే. ఆ వారం పేస్టు డబ్బా సగానికి సగం ఖాళీగా కనబడేసరికి, పదేళ్ళుగా సామాను ఇస్తున్న ముసలాయనతో తగువు పెట్టుకుని, ఆయన దగ్గర కొనడమే మానేసింది.

"మీరేం చేశారప్పుడు?"

"పక్కనే కూర్చుని, 'కాలం మారిపోయింది' అన్నాను."

బావమరిది ఈసారి నవ్వలేదు. తొట్టి విప్పి చూపించాడు. లోపలికి ఒత్తుకుపోయిన పేస్టు తెగి, తునకలు తునకలుగా ఫిల్టరుకు అంటుకుని ఉంది. బయటికి ఆయిల్ కారుతోంది, లోపల దానికి దారి మూసుకుపోతోంది. ఇక మూడో గేరు పడమంటే ఎలా పడుతుంది?

గులాబీ పేస్టంతా గీకి కడిగి, కొత్త ఫిల్టరూ కొత్త ప్యాకింగూ పెట్టాక, బావమరిది స్పానరు తెచ్చి డాక్టరుగారి చేతికిచ్చాడు.

"బిగించండి."

"నేనా?"

"ఎలా తోముకోవాలో చూపించి పేషెంటు చేతే తోమిస్తారుగా మీరు? ఒకటి ఇటు, ఒకటి ఎదురు. కొంచెం కొంచెంగా. ఆఁ ఆఁ, అక్కడ పన్ను పీకట్లేదు!"

డాక్టరుగారు చేతులు పైకెత్తి, మెడ నొప్పెడుతున్నా, షెడ్డులోంచి తెచ్చిన కొత్తదానితో కలిపి పద్నాలుగు బోల్టులూ బిగించారు. బావమరిది ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశాడు. ఒక్కదాన్నీ మళ్ళీ బిగించాల్సిన పని పడలేదు.

"చెయ్యి మంచిదే బావగారూ. నోటితోనే..." అని అక్కడితో ఆపేశాడు.

కొత్త ఆయిల్ పోసి, ఇంజను తిరుగుతుండగా కొలిచి, మళ్ళీ తిప్పారు. క్లినిక్కు ముందు ఎత్తురోడ్డు మీద మూడో గేరు ఎప్పుడు పడిందో డాక్టరుగారికి తెలియనే లేదు. ఆనందంతో ఆ ఎత్తు రెండుసార్లు ఎక్కి దిగారు. ఇల్లు చేరడానికి మాత్రం తొందరపడలేదు.

చివరికి వెళ్ళి భార్యకు చెప్పారు. ఆవిడ అంతా విని, ముసలాయనకు ఫోను కలిపి భర్త చేతిలో పెట్టింది. పేస్టు ఎవరు తీశారో, దేనికి వాడారో, తగువప్పుడు ఎందుకు నోరు మెదపలేదో డాక్టరుగారు పూసగుచ్చినట్టు చెప్పి, క్షమించమన్నారు.

"గేరుబాక్సుకా?" అన్నాడు ముసలాయన.

"అవునండీ."

"ఎన్నాళ్ళు ఆగిందండీ?"

"ఎనిమిది నెలలు." ఎంత అణుచుకున్నా డాక్టరుగారి గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది.

భార్య ఫోను లాక్కుంది. "తప్పు మాదేనండీ. ఇకమీదట సామాను మీరే పంపించండి. పేస్టు రెండు డబ్బాలు" అంది. డబ్బాలు మర్నాడే వచ్చాయి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.