ఖాళీ గదిలో గంట

మళ్ళీ వెలిగింది, వరండా చివరి గది గుమ్మం మీది ఎర్రదీపం, దానితోపాటు గంట కీచుమని మోగుతోంది, ఎవరూ కదలరేం, పెద్ద నర్సు మాత్రలు వేరు చేస్తూనే ఉంది, ఆయా దుప్పట్లు మడత పెడుతూనే ఉంది, నాకొక్కదానికే వినిపిస్తోందా ఏమిటి, వారం వారం ఇలాంటి వృద్ధాశ్రమాలు తిరిగి లోపలివాళ్ళ కష్టాలు విని పైవాళ్ళకి చెప్పడం నా పని, నన్ను చూడగానే ఫిర్యాదులమ్మ వచ్చిందని సిబ్బంది కళ్ళతోనే చెప్పుకుంటారు, చెప్పుకోనీ, ఎవరండీ పిలిచేది అని అడిగాను, పెద్ద నర్సు తలెత్తకుండా నవ్వింది, ఎవరూ లేరు మేడం, ఆ గది మామ్మగారు పోయాక మంచం ఖాళీయే, అయినా పగలంతా పిలుస్తూనే ఉంటుంది, పాపం అలవాటు పోలేదు, ఇవాళ కరెంటు మేస్త్రీ వచ్చి తీగ కత్తిరించేస్తాడు లెండి, పీడ విరగడవుతుంది, ఆయా కూడా నవ్వింది గానీ నవ్వుతూనే ఆ తలుపుకి వీపు తిప్పుకుంది.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, లేదనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ, మరి గుమ్మం దాటగానే అరికాళ్ళెందుకు చల్లబడ్డాయి, లోపల పౌడరు వాసన, పోయిన మనిషి పౌడరు ఇంకా వాసన వేస్తుందా, కిటికీ మూసే ఉంది, తెల్లటి దుప్పటి అంచున ఎవరో ఇప్పుడే కూర్చుని లేచినట్టు గుంట, చెయ్యి ఆనించాను, వెచ్చగా ఉంది, అమ్మో, మంచం పక్కన తీగకి వేలాడుతున్న మీట ఇంకా ఊగుతోంది, ఎవరమ్మా అన్నాను, నా గొంతు నాకే పరాయిగా వినిపించింది, తలుపు వెనక ఎవరో ఊపిరి బిగబట్టారు.

తలుపు లాగి చూస్తే ఆపరేటరమ్మ, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైందట, అందుకే ఆ పేరు, పక్క గదిలో ఉంటుంది, గోడకి అంటుకుపోయి ఒక చేత్తో పౌడరు డబ్బా పట్టుకుని నిలబడింది, నవ్వొచ్చింది నాకు, భయం దిగిన నవ్వు, అది ఆమె మాటలతోనే పోయింది, మా గదిలో గంట పీకేశారమ్మా, ఊరికే నొక్కుతున్నానట, నాకోసం నొక్కానా ఏమన్నానా, నా పక్క మంచం ఆవిడకి నోట మాట లేదు, పొద్దున్నుంచీ తడిలోనే పడుంది, వీపు పుండు పడిపోయింది, ఈ పౌడరు తప్ప నా దగ్గరేముంది, అరిస్తే నిద్రమాత్ర వేస్తారు, అందుకే గోడ పట్టుకుని ఇక్కడికొచ్చి నొక్కుతున్నా, ఒక్కళ్ళూ రారు, మోగుతున్నదాన్ని వదిలేసి ఎలా కూర్చుంటారో తల్లీ, నావల్ల ఎప్పుడూ కాలేదు, మీరు మాత్రం చెప్పకండి, ఈ గదికి తాళం పడితే ఉన్న ఒక్క గంటా పోతుంది.

పక్క గదిలోకి తొంగి చూశాను, ఆ వాసన, ఆ రెండు కళ్ళు, రెప్పవెయ్యకుండా గుమ్మాన్నే చూస్తున్నాయి, నన్ను కాదు, నా వెనక రావలసినవాళ్ళని, అంతలో వరండాలో నిచ్చెన ఈడ్చిన చప్పుడు, ఇదేనయ్యా మా దయ్యం, కత్తిరించు అంటోంది నర్సు, మేస్త్రీ కూడా నవ్వుతున్నాడు, ఒళ్ళు మండింది నాకు, చెబితే ఈ ముసలమ్మకి ఈ పూటే మాత్ర పడుతుంది, చెప్పకపోతే తీగ తెగుతుంది, ఏం చెయ్యను, ఏం చెయ్యను, కాళ్ళు వాటంతటవే మళ్ళీ ఖాళీ గదిలోకి నడిచాయి, ఆ వెచ్చటి గుంటలోనే కూర్చున్నాను, మీట నొక్కాను.

పరుగున వచ్చింది నర్సు, ఏం కావాలి మేడం, నీళ్ళా, కళ్ళు తిరుగుతున్నాయా, ఎంత త్వరగా వచ్చిందో, ఇదే గంట, ఇదే దీపం, పక్క గదిలో మాటలేని ఆవిడకి బట్టలు మార్చండి, వీపు చూడటానికి డాక్టర్ని పిలవండి, మేస్త్రీ ఎలాగూ వచ్చాడు, పీకిన గంట తిరిగి పెట్టించండి, ఆపరేటరమ్మని రోజూ వచ్చి పలకరిస్తాను, నిద్రమత్తులో కనిపిస్తే ఊరుకోను, ఇవన్నీ అయ్యేదాకా ఇక్కణ్ణుంచి లేవనన్నాను, నర్సు ముఖం పాలిపోయింది, నా వేలు మీట మీదనుంచి రావడం లేదు, గంట మోగుతూనే ఉంది, ఇప్పుడర్థమవుతోంది, దయ్యమని భయపడినవాళ్ళు అలా మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు, పిలిచేది పోయినావిడే అనుకుంటే లేచి వెళ్ళక్కర్లేదు, అంతే, అందుకే ఆ పక్క గదిలో బతికున్న ఇద్దరినీ ఎప్పుడో పోయినవాళ్ళలో కలిపేశారు.