వంపు నడుముపట్టీ

మా చెల్లి కొండలెక్కించే గైడు. పద్దెనిమిది కిలోల సంచి వీపున వేసుకోకపోతే దానికి పని లేదు. ఆ సంచులన్నీ మగవాళ్ల కొలతలకు కుట్టినవే. నడుముపట్టీ తుంటిని పట్టుకోక జారిపోతుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. దాని కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. ఇంకో సీజన్ ఇలాగే మోస్తే చెయ్యి మీద ఆశ వదులుకోమని డాక్టరు తెగేసి చెప్పాడు.

నేను సంచుల కంపెనీలో డిజైనర్ని. ఆడవాళ్ల సంచంటే మా మేనేజరుకు తెలిసింది ఒక్కటే: మగవాళ్లదాన్నే రెండంగుళాలు తగ్గించి గులాబీ రంగు గుడ్డ వేయడం. పదకొండు నెలలు ఆయన ప్రాణం తోడేసి ఒప్పించాను. ముప్పైమంది ఆడవాళ్ల తుంటి కొలతలు తీసుకుని, పై అంచు బిగువుగా, కింది అంచు విచ్చుకునేలా పట్టీని వంపుగా గీశాను. నమూనా సంచి వేసుకుని చెల్లి మా ఆఫీసు మెట్లు తొమ్మిదిసార్లు ఎక్కి దిగింది.

"అక్కా, నాకసలు భుజాలున్నాయా!" అని నవ్వింది.

ఆ నమూనాను బలం చూసే పరీక్షలో చింపేశారు. అది కంపెనీ పద్ధతి.

మొదటి దఫా సంచులు తయారై వచ్చిన మర్నాడే చెల్లి ప్రయాణం. ఒకటి తీసి, సంచులు తొడిగి చూసే బొమ్మకు తగిలించాను. చక్కగా కూర్చుంది. ఎందుకు కూర్చోదు? కంపెనీ మొత్తానికి ఉన్నది ఒకే బొమ్మ, అది మగబొమ్మ. దాన్ని ఏడాదిగా తిట్టిపోస్తున్నది నేనే, తొందరలో దాన్నే నమ్మాను. ఒక్కసారి నా ఒంటిమీద వేసుకున్నా తెలిసిపోయేది. నా బుద్ధి గడ్డి తింది.

"భయం లేకుండా మోయవే," అని ఆ సంచి చెల్లికిచ్చి పంపాను.

వారం తర్వాత కటింగ్ మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి ఆయనది, నేనంటే కూతురంత ప్రేమ.

"కంగారులో పట్టీ వంకరగా గీశావమ్మా. నేనే తిన్నగా చేసి కోయించాను. నీ పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదులే."

చెల్లికి ఫోన్ చేశాను. కొండల్లో సిగ్నల్ లేదు. ఎవరెవరితోనో కబురు పంపాను, అందలేదు. నెల రోజులు ఫోన్ పట్టుకునే బతికాను.

తిరిగొచ్చాక డాక్టరు దాని కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా సూదితో గుచ్చాడు. అది కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

"మొదటి రోజే భుజాలు పీకేశాయక్కా," అంది ఇంటికొచ్చాక. "దించేసి వెనక్కి వచ్చేద్దామనుకున్నా. అక్క చేసిందాంట్లో తప్పెందుకుంటుంది, నాకే బిగించుకోవడం చేతకావట్లేదనుకుని మోసేశాను. ఇంతకీ ఎలా బిగించాలే దాన్ని?"